ఒక్క మనిషి కోసం కోసిన లోహం

క్యాన్సర్‌కు కరెంటు పెట్టే (రేడియేషన్) వైద్యం గురించి రాసేవాళ్లు ఎక్కువగా యంత్రాల గురించే రాస్తారు. ఎక్స్‌రే గొట్టం ఎప్పుడొచ్చింది, కోబాల్ట్ ఎప్పుడొచ్చింది, లీనియర్ యాక్సిలరేటర్ ఏ ఊరికి ముందు చేరింది అన్న లెక్కలే అందులో కనిపిస్తాయి. ఆ యంత్రం తలకూ, బల్ల మీద పడుకున్న మనిషికీ మధ్య ఒక చిన్న ట్రే ఉంటుంది. చాలా ఏళ్లపాటు ఆ ట్రే మీద, మెట్లు మెట్లుగా పేర్చిన అల్యూమినియమో ఇత్తడో సీసమో పెట్టి వైద్యం చేసేవారు. ఆ ముక్క పేరు కాంపెన్సేటర్. ఒకరి కోసం కొలిచి చేసింది ఇంకొకరికి పనికిరాదు. చికిత్స ముగిశాక దాన్ని విడదీస్తారు, లేదా కరిగిస్తారు. దానికి ఖర్చయ్యే లోహం పిడికెడే, కానీ దానికి కావలసిన మనుషులు ఎప్పుడూ తక్కువే. కర్నూలు, కడప వైపు నుంచి ఈ పనితనపు చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే, రాయలసీమకు ఏది ఆలస్యంగా చేరిందో, ఏది ఇప్పటికీ చాలినంత చేరలేదో స్పష్టంగా తెలుస్తుంది.

ముందు ఆ ముక్క అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. మన వైపు ఆసుపత్రులకు నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ బాగా వస్తాయి. బీడీ, పొగాకు, గుట్కా, వక్కపొడి వాటి వెనక ఉన్నాయి. ఇలాంటి రోగికి కుడి చెంప నుంచి ఒకసారి, ఎడమ చెంప నుంచి ఒకసారి కిరణం ఇస్తారు. దవడ దగ్గర మనిషి వెడల్పుగా ఉంటాడు, మెడ దగ్గర సన్నబడతాడు. కోబాల్ట్ కిరణం కండలో ఒక్కో సెంటీమీటరు దాటే కొద్దీ ఇంచుమించు 5 శాతం బలం కోల్పోతుంది. మెడ ఒక్కో పక్క 2 సెం.మీ. సన్నగా ఉందనుకుంటే, మధ్యన పడే మోతాదు దవడ దగ్గరకంటే దాదాపు 10 శాతం పెరిగిపోతుంది. ఆ మెడలోనే వెన్నుపాము ఉంది. మోతాదును గ్రేలలో లెక్కిస్తే, అది 45, 50 గ్రేలకు మించి తట్టుకోదు. మెడను కాపాడాలని మొత్తం మోతాదు తగ్గిస్తే దవడ దగ్గరి కణితికి చాలదు. వాలు చేలు దున్నే సీమ రైతుకు ఈ చిక్కు తెలిసిందే. వాన అంతటా ఒకేలా కురిసినా మిట్ట ఎండుతుంది, పల్లంలో నీళ్లు నిలుస్తాయి. గట్లు వేసి, చదును చేసి, పదును సమంగా పట్టేలా చేస్తాడు. కాంపెన్సేటర్ కూడా అంతే. కండ తక్కువైన చోట, ఆ లోటుకు సరిపడా లోహాన్ని కిరణం దారిలో నిలబెడుతుంది.

మొదటి రోజుల్లో ఈ ముక్కతో పనే లేదు. 1934లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ మొదలైనప్పుడు కర్నూలు, కడప రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలే. మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే రైలుదారి కడప మీదుగానే పోయేది. అందువల్ల కడప, రాజంపేట, నందలూరుల జబ్బుమనిషికి పట్నమంటే మద్రాసే. అప్పటి డీప్ ఎక్స్‌రే యంత్రాలు రెండు వందలు, రెండున్నర వందల కిలోవోల్టులవి. వాటి కిరణం గరిష్ఠ మోతాదు చర్మం మీదే పడేది. చర్మం కందడం, పొక్కడం, పొట్టు రాలడం అందరూ ఎదురుచూసే బాధలే. చర్మం ఎలాగూ కాలుతుంది కాబట్టి మెడ పక్క గుంతలో ఏదైనా నేరుగా ఒంటికి ఆనించి పూడ్చితే సరిపోయేది. దీన్ని బోలస్ అంటారు. మైనం వాడేవారు, బియ్యం సంచులు వాడేవారు. ఇంగ్లండులో స్పియర్స్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన మిశ్రమంలో బియ్యప్పిండి అరవై పాళ్లు, సోడా ఉప్పు నలభై పాళ్లు. ఈ రెంటినీ కలిపితే కిరణం విషయంలో మనిషి కండలాగే పనిచేస్తుంది. ప్రతి ఇంటి వంటగదిలో ఉండే సరుకుతోనే ఆనాటి వైద్యం తన లెక్క సరిచేసుకుంది.

కోబాల్ట్ ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. 1951 అక్టోబరులో కెనడాలోని లండన్ నగరంలో కోబాల్ట్-60తో తొలి చికిత్స జరిగింది. ఆ గామా కిరణాల శక్తి మిలియన్ వోల్టులు దాటుతుంది. అవి చర్మం మీద కాక అర సెంటీమీటరు లోపల గరిష్ఠానికి చేరతాయి. దాంతో చర్మం చాలావరకు బతికిపోతుంది. అంత మేలు చేసే కిరణానికి దారిలో బియ్యప్పిండి సంచిని ఒంటికి ఆనించి పెడితే, గరిష్ఠం మళ్లీ చర్మం మీదికే వస్తుంది. కండ లోటు పూడ్చాలి, కానీ పూడ్చేది ఒంటికి తగలకూడదు. దాన్ని ఒంటికి ఎడంగా, పైన ట్రే మీద పెట్టాలి. కాంపెన్సేటర్ పుట్టుకకు కారణం ఇదే.

మనకు ఇది చేరిన దారి ఆనాటి రాజకీయాలతో ముడిపడి ఉంది. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలతో అడయారులో క్యాన్సర్ సంస్థ పన్నెండు పడకలతో మొదలైంది. 1957లో అక్కడికి కెనడా నుంచి కోబాల్ట్ యంత్రం వచ్చింది. 1955లో హైదరాబాదులో రేడియం ఇన్‌స్టిట్యూట్, క్యాన్సర్ ఆసుపత్రి వెలిసింది. దాన్ని నిలబెట్టిన మెహదీ నవాజ్ జంగ్ తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నరయ్యారు. ఆయన పేరుతోనే అది నేటి ఎంఎన్‌జే. ఇవి వెలిసిన ఆ కొద్ది ఏళ్లలోనే మన పటం రెండుసార్లు మారింది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. రాజధాని పోయినా కర్నూలుకు వైద్య కళాశాల దక్కింది. క్యాన్సర్ రోగులు మాత్రం కర్నూలు నుంచి హైదరాబాదుకు, కడప నుంచి మద్రాసుకో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకో నడిచారు. ఎటు నడిచినా రెండు వందల కిలోమీటర్లు దాటిన దూరమే. తల, మెడ క్యాన్సర్‌కు పూర్తి చికిత్స అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. శెనక్కాయలు పీకే అదునులో ఇంటి పెద్దకు జబ్బు బయటపడితే, ఆ కుటుంబం చేను వదలాలి, లేదా వైద్యం వదలాలి. సగంలో ఇంటికి తిరిగిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పాపం వాళ్లది కాదు.

ఇక ఆ లోహపు ముక్క దగ్గరికి వద్దాం. 1959లో ఆక్స్‌ఫర్డుకు చెందిన ఫ్రాంక్ ఎల్లిస్, ఎరిక్ హాల్, ఆలివర్ బ్రిటిష్ జర్నల్ ఆఫ్ రేడియాలజీలో ఒక పత్రం ప్రచురించారు. కండ మందంలో తేడాలను ఒంటికి దూరంగా పెట్టిన లోహంతో ఎలా సరిదిద్దవచ్చో అందులో చూపించారు. ఈ హాల్ తర్వాతి కాలంలో రేడియోబయాలజీ పాఠ్యపుస్తకంతో ప్రపంచమంతటి రేడియాలజీ విద్యార్థులకు గురువయ్యాడు. వాళ్ల పద్ధతి చూడటానికి సులువే. రోగి ఒంటి మీద సెంటీమీటరు గళ్లు ఊహించుకుని, ఒక్కో గడిలో చర్మం ఎంత లోతున ఉందో కొలవాలి. ఆ లోతుకు తగిన ఎత్తులో ఒక్కో గడికి ఒక్కో లోహపు స్తంభం నిలబెట్టాలి.

చేయబోతే అందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, కిరణం ఒక బిందువు నుంచి బయలుదేరి విచ్చుకుంటూ వస్తుంది. మూలం నుంచి చర్మానికి 80 సెం.మీ., ట్రేకు 50 సెం.మీ. దూరముంటే, ఒంటి మీది ఒక సెంటీమీటరు ట్రే మీద ఆరు మిల్లీమీటర్ల పైచిలుకే. కాబట్టి గళ్లన్నీ ఆ నిష్పత్తిలో కుదించాలి. రెండోది కంటికి కనిపించేది కాదు. కండ ఒంటి మీదే ఉంటే అది కిరణాన్ని ఆపడమే కాదు, కొంత చెదరగొట్టి పక్కలకూ లోపలికీ పంపుతుంది. ట్రే మీద ఉన్న లోహం నుంచి చెదిరిన కిరణం అంత దూరం వచ్చి ఒంటిని తాకదు. అందువల్ల లోటుకు పూర్తిగా సమానమైన లోహం పెడితే లోపల మోతాదు తగ్గిపోతుంది. అనుభవం మీద తేలింది ఏమిటంటే, లెక్కకు వచ్చిన మందంలో సుమారు 70 శాతమే పెట్టాలి. రెండు సెంటీమీటర్ల కండ లోటుకు అల్యూమినియం అయితే అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, ఇత్తడి అయితే రెండు మిల్లీమీటర్లు, సీసమైతే ఇంకా పలచన. సీసం రేకు కత్తిరించేటప్పుడు అర మిల్లీమీటరు తప్పినా, లోపల అర సెంటీమీటరుకు మించిన కండ లెక్క తప్పినట్టే. ఈ పని చేసే చేతికి ఎంత నిబ్బరం ఉండాలో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

తర్వాతి ఇరవై ఏళ్లు ఈ కొలతను వేగంగా తీసుకునే ఉపాయాలకే పోయాయి. 1968లో ఫైజ్ ఖాన్, ఆయన సహచరులు ఒంటి వంపును తాకుతూ పోతే అదే వంపును కుదించి చెక్కే పరికరం ఒకటి రూపొందించారు. 1984లో ఆయన రాసిన రేడియేషన్ భౌతికశాస్త్ర గ్రంథం మన దేశంలో మోతాదు లెక్కలు చూసే ఫిజిసిస్టులు చదివే మొదటి పుస్తకాల్లో ఒకటయింది. కొందరు సీసం రేకులు ఒకదాని మీద ఒకటి అంటించారు. కొందరు థర్మాకోల్ దిమ్మలో గుంత చెక్కి మైనమో తగరం గుళ్లో నింపారు. 1973లో పవర్స్ బృందం సెరోబెండ్ అనే మిశ్రమ లోహాన్ని ప్రచారంలోకి తెచ్చింది. బిస్మత్ సగం, మిగతాది సీసం, తగరం, కాడ్మియం. 70 డిగ్రీల వేడికే కరుగుతుంది. అంటే మరిగే నీళ్లకన్నా చల్లగా ఉన్నప్పుడే పోత పోయవచ్చు. ఆసుపత్రిలో మౌల్డ్ రూమ్ అన్నది స్థిరపడింది ఈ లోహం వచ్చాకే. ఒక మూల వేడి తీగతో థర్మాకోల్ కోసే బల్ల, ఒక మూల కరిగే లోహం, గోడకు పేర్లు రాసి ఆనించిన దిమ్మలు. అక్కడ పనిచేసే టెక్నీషియన్లు కాడ్మియం, సీసం పొగ దగ్గరే గంటలు గడుపుతారు. గాలి లాగే ఫ్యాను, చేతికి తొడుగు, పని ముగిశాక చేతులు కడుక్కునే ఏర్పాటు వాళ్ల హక్కులు. రోగికి మోతాదు సరిచేసే మనిషి తన ఒంటికి విషం ఎక్కించుకోకూడదు.

కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో కోబాల్ట్‌తో చికిత్స మొదలయ్యాక సీమలో చాలా కుటుంబాలకు ప్రయాణం తగ్గింది. అందుకు ఆ ఆసుపత్రికి ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు. కానీ కోబాల్ట్‌కు కాలం అంటుకుంటుంది. దాని అర్ధాయువు 5.27 ఏళ్లు. ఏడాదికి పన్నెండు శాతం చొప్పున బలం తరుగుతుంది. మొదట్లో రెండు నిమిషాల్లో ముగిసే చికిత్సకు మూలం పాతబడే కొద్దీ నాలుగు నిమిషాలు పడుతుంది. మన దేశంలో ఈ మూలాలు రాజస్థాన్ రావత్‌భాటా అణు రియాక్టర్లలో తయారై, బ్రిట్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా వస్తాయి. మూలం మార్చేదాకా వరుస పెరుగుతుంది. ఆ వరుసలో నిలబడ్డవాళ్లను చూస్తూ, ఒక్కరి కోసం అర పూట కూర్చుని లోహపు మెట్లు పేర్చే తీరిక ఏ టెక్నీషియన్‌కు దొరుకుతుంది? అందుకే దేశంలో రద్దీ ఉన్న చాలా చోట్ల కాంపెన్సేటర్ పాఠాల్లోనే ఉండిపోయింది. దానికి బదులు ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా ఉండే వెడ్జ్ వాడారు. అది ముందే తయారై ఉంటుంది, కానీ ఒకే దిశలో వాలును సరిదిద్దుతుంది. వెన్నుపాము దగ్గరకు వచ్చేసరికి, నలభై గ్రేల పైన ఎక్కడో ఆగి, ఆ భాగాన్ని కిరణం దారి నుంచి తప్పించేవారు. ఇది నిర్లక్ష్యం కాదు. నలుగురికి అందించాలా, ఒకరికి సరిగ్గా అందించాలా అన్న చోట నలుగురి వైపు మొగ్గడమే. అటువంటి ఎంపిక చేయాల్సిన స్థితిలో వాళ్లను నిలబెట్టడమే అన్యాయం.

అసలు కొరత మనుషులది. యంత్రం కొనడానికి ఒకసారి డబ్బు మంజూరైతే చాలు. ఫిజిసిస్టును, మౌల్డ్ రూమ్ టెక్నీషియన్‌ను ఏటేటా నిలుపుకోవాలి. బొంబాయిలోని అణు సంస్థ 1962 నుంచి రేడియేషన్ భౌతికశాస్త్రంలో డిప్లొమా నడుపుతోంది. 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడ్డాక ఫిజిసిస్టు లేని చోట చికిత్స నడపడానికి వీల్లేకుండా నిబంధనలు బిగిశాయి. అయినా చదువుకున్నవాళ్లు ఎక్కువమంది పెద్ద నగరాల కార్పొరేట్ ఆసుపత్రుల వైపే వెళ్లారు. మనిషే ఎందుకు కావాలంటే, రోగి ఆరు వారాల్లో బాగా చిక్కిపోతే మొదటి రోజు కొలిచిన మెడ అదే మెడ కాదు. లోహపు ముక్క కొత్తగా చేయాలి. ఆ మార్పును పట్టుకునే కన్ను యంత్రానికి ఉండదు.

ఇక్కడ కడప నేల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ప్రపంచంలోనే పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఉంది. మామూలు కంకర స్థానంలో ఈ బరువైన ఖనిజాన్ని కలిపితే కాంక్రీటు సాంద్రత బాగా పెరుగుతుంది. కిరణం బయటికి రాకుండా చికిత్స గది గోడలకు, ఎక్స్‌రే గది పూతకు దాన్ని వాడతారు. ఇక వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. రేడియేషన్‌ను ఆపే రాయీ, రేడియేషన్ పుట్టే రాయీ రెండూ ఒకే జిల్లా అడుగున పడి ఉన్నాయి. ఆ జిల్లా రోగులేమో దశాబ్దాల తరబడి కరెంటు పెట్టించుకోవడానికి రైలెక్కుతూనే ఉన్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కడుపు మండుతుంది.

కంప్యూటర్లు వచ్చాక కాంపెన్సేటర్ కథ మలుపు తిరిగింది. స్వీడన్‌కు చెందిన ఆండర్స్ బ్రామె 1980లలో ప్రశ్నను తిరగేసి వేశాడు. ఒంటి వంపును సరిదిద్దడం దగ్గర ఆగకుండా, కణితి ఆకారానికి తగినట్టు కిరణం బలాన్నే గడి గడికీ మార్చితే ఎలా ఉంటుందని అడిగాడు. ఐఎంఆర్‌టీ పేరుతో నేడు ప్రతి పెద్ద ఆసుపత్రిలో చేసే చికిత్సకు ఆ ఆలోచనే పునాది. ఆ పని చేయడానికి రెండు దారులుండేవి. ఒకటి, కంప్యూటర్ లెక్క ప్రకారం ఇత్తడి దిమ్మను మిల్లింగ్ యంత్రం మీద చెక్కి కాంపెన్సేటర్ చేయడం. రెండోది, యంత్రం నోట్లోనే టంగ్‌స్టన్ ఆకులు అమర్చి, చికిత్స జరుగుతుండగానే వాటిని కదపడం. రెండోదే గెలిచింది. 2000 తర్వాత మన దేశంలో కొన్న లీనియర్ యాక్సిలరేటర్లలో ఆ ఆకులే కనిపిస్తాయి. మౌల్డ్ రూమ్‌లు మాస్కులు, బోలస్ తయారీకి పరిమితమయ్యాయి. నా దృష్టిలో మాత్రం ఆ ఆకులు ఎల్లిస్ స్తంభాల వారసులే. లోహం ఎక్కడ, ఎంత సేపు, ఎంత అడ్డుపడాలన్న లెక్క మారలేదు.

2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక సీమ పేదలు ఈ కొత్త యంత్రాల గదుల్లోకి అడుగుపెట్టగలిగారు. హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెల్లకార్డుకు తెరుచుకోవడం చిన్న విషయం కాదు. కానీ ప్రయాణం, బస, ఆరు వారాల కూలి నష్టం అలాగే మిగిలాయి. 2006లో కడపలో రిమ్స్ వైద్య కళాశాల మొదలైంది. 2018 ఆగస్టులో తిరుపతిలో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రికి పునాది పడింది, 2022 మేలో అది ప్రారంభమైంది. కడప నుంచి తిరుపతి నూట నలభై కిలోమీటర్లు. మద్రాసు దూరంలో ఇంచుమించు సగమే. కర్నూలు వైద్య కళాశాల ఆవరణలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి రూ.120 కోట్ల అంచనాతో రాష్ట్ర క్యాన్సర్ సంస్థను చేపట్టాయి. డెబ్బై ఏళ్ల ఎదురుచూపు తర్వాత సీమకు దగ్గరగా మూడు దిక్కులా దీపం వెలిగింది.

విచిత్రమేమిటంటే, ఇదే కాలంలో కాంపెన్సేటర్ మళ్లీ పరిశోధన పత్రాల్లోకి వచ్చింది. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన భాభాట్రాన్ కోబాల్ట్ యంత్రం, బెంగళూరు పానేషియా కంపెనీ తయారీతో, 2000ల మధ్య నుంచి దేశంలో చాలా ఆసుపత్రులకు చేరింది. కోబాల్ట్‌కు నిలకడైన వోల్టేజీ కోసం, చల్లని నీటి కోసం పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. వేసవిలో 42 డిగ్రీలు దాటే, కరెంటు మిణుకుమిణుకుమనే ఊళ్లలో అది ఆగకుండా పనిచేస్తుంది. దానికి ఖరీదైన టంగ్‌స్టన్ ఆకులు బిగించకుండా, కంప్యూటర్ లెక్కతో చెక్కిన అచ్చులో లోహపు గుళ్లు నింపి, చికిత్స ముగిశాక ఆ గుళ్లను తిరిగి వాడుకుంటే ఐఎంఆర్‌టీ చేయవచ్చని పరిశోధకులు లెక్కలు కట్టి చూపిస్తున్నారు. త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తీస్తే చేతి పని మరింత తగ్గుతుంది. థర్మాకోల్‌లో తగరం గుళ్లు పోసిన పాత పనే ఇది, కాకపోతే కొత్త కొలతలతో.

ఈ దారి కర్నూలుకో కడపకో పనికొస్తుందా? వస్తుందనే నా నమ్మకం. కాకపోతే ఒక షరతు ఉంది. అచ్చు తయారయ్యాక రోగికి వాడేముందు దాన్ని ట్రే మీద పెట్టి, నీటి తొట్టిలో అయాన్ చాంబర్‌తో కొన్ని చోట్ల మోతాదు కొలవాలి, ఫిల్మ్ మీద గళ్ల వరుస చూడాలి, లెక్కకూ కొలతకూ మధ్య తేడా ఐదు శాతం లోపు ఉందని సంతకం చేయాలి. ఈ తనిఖీ రోగులందరూ వెళ్లిపోయాక యంత్రం ఖాళీ అయినప్పుడే కుదురుతుంది. కాబట్టి ప్రతి యంత్రానికీ కనీసం ఇద్దరు ఫిజిసిస్టులు, మౌల్డ్ రూమ్‌కు శిక్షణ పొందిన ఇద్దరు టెక్నీషియన్లు శాశ్వత పోస్టుల్లో ఉండాలి. ఒప్పంద ఉద్యోగాలతో, డిప్యుటేషన్లతో ఇది సాగదు. కొత్త భవనాల బడ్జెట్‌లో యంత్రం ధర పక్కనే ఈ నాలుగు జీతాలను మొదటి రోజు నుంచే రాయాలని కర్నూలు, కడప ప్రజా ప్రతినిధులను అడగాల్సిన సమయం ఇదే.